రాక్ ఆల్బమ్‌లో సోలో వాయించింది ఎవరో తేల్చుకోవడం ఎలా

రాక్ ఆల్బమ్‌లో ఒక గిటార్ సోలో, అంటే గాత్రం ఆగి గిటార్ ముందుకు వచ్చి పలికే భాగం, మనసుకు పట్టినప్పుడు, దాన్ని వాయించినవారు ఎవరని తెలుసుకోవాలనిపించడం సహజం. బ్యాండ్‌లో లీడ్ గిటారిస్ట్‌గా (ప్రధాన బాణీలు, సోలోలు వాయించేవారిగా) పేరున్న వ్యక్తే వాయించి ఉంటారని అనుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఎక్కువ తప్పులకు మూలం ఆ ఊహే. బీటిల్స్ బృందంలో లీడ్ గిటారిస్ట్ జార్జ్ హ్యారిసన్. అయినా 1966లో వచ్చిన 'రివాల్వర్' ఆల్బమ్‌లో ఆయనే రాసి పాడిన 'ట్యాక్స్‌మన్' పాటకు ఆ పదునైన సోలోను వాయించింది పాల్ మెకార్ట్నీ. 1968లో వచ్చిన, వైట్ ఆల్బమ్‌గా అందరూ పిలిచే జోడు ఎల్పీ (పెద్ద రికార్డు)లో 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్' కూడా హ్యారిసన్ పాటే. అందులో లీడ్ గిటార్ ఆయన మిత్రుడు ఎరిక్ క్లాప్టన్‌ది. 1969లో సింగిల్‌గా (విడి పాట రికార్డుగా) విడుదలైన 'గెట్ బ్యాక్' సోలో జాన్ లెనన్‌ది. ఒకే బృందం, మూడేళ్ళ వ్యవధి, మూడు ప్రసిద్ధ సోలోలు. వాటిలో ఒక్కటీ హ్యారిసన్ వాయించినది కాదు.

కాబట్టి పని మొదలుపెట్టే ముందే ఆ ఊహను పక్కన పెట్టండి. ఆ తరువాత కింది క్రమంలో నడిస్తే, చాలా సోలోల విషయంలో స్పష్టమైన జవాబు దొరుకుతుంది. దొరకని చోట, ఎందుకు దొరకడం లేదో అయినా తెలుస్తుంది.

1. మీరు వింటున్నది ఏ రికార్డింగో ముందు నిర్ణయించుకోండి

పాట పేరు ఒక్కటే సరిపోదు. ఒకే పాట సింగిల్‌గా ఒక రూపంలో, ఎల్పీలో మరో రూపంలో, కచేరీ ఆల్బమ్‌లో ఇంకో రూపంలో ఉండవచ్చు. ఒక్కో రూపంలో సోలో మారవచ్చు, వాయించిన మనిషీ మారవచ్చు. బీటిల్స్ 'లెట్ ఇట్ బీ' పాటకు 1970 మార్చిలో వచ్చిన సింగిల్‌లో ఒక సోలో, అదే ఏడాది మే నెలలో వచ్చిన ఆల్బమ్‌లో వేరొక సోలో వినిపిస్తాయి. రెండూ హ్యారిసన్‌వే, కాని మొదటిది 1969 ఏప్రిల్ 30న, రెండవది 1970 జనవరి 4న రికార్డు చేసినవి. ఈ రెండింటిలో ఏది గొప్పదని వాదించుకునే ఇద్దరు శ్రోతలు, తాము వేర్వేరు సోలోల గురించి మాట్లాడుతున్నామని గమనించకుండానే గంటసేపు మాట్లాడుకోగలరు.

మనిషే మారిపోయే సందర్భాలు ఇంకా ముఖ్యమైనవి. థిన్ లిజ్జీ బృందం 1974లో విడుదల చేసిన 'నైట్‌లైఫ్' ఆల్బమ్‌లోని 'స్టిల్ ఇన్ లవ్ విత్ యూ' పాటలో సోలో గ్యారీ మూర్‌ది. ఆయన కొద్దికాలమే బృందంలో ఉన్నప్పుడు వాయించిన ఆ సోలోను, తరువాత చేరిన బ్రయన్ రాబర్ట్‌సన్ తిరిగి రికార్డు చేయడానికి ఒప్పుకోలేదు. దాన్ని అలాగే ఉంచాలని పట్టుబట్టారు. కాని 1978లో వచ్చిన 'లైవ్ అండ్ డేంజరస్' కచేరీ ఆల్బమ్‌లో అదే పాటకు సోలో వాయించినది రాబర్ట్‌సన్. ఇద్దరిదీ గొప్ప పనితనమే కనుక, ఏ ఆల్బమ్ గురించి అడుగుతున్నారో చెప్పకుండా ఈ పాట సోలో ఎవరిదని అడిగితే ఆ ప్రశ్నకు అర్థం లేదు.

ముద్రణ తేడాను కూడా చూడండి. పింక్ ఫ్లాయిడ్ 1977లో విడుదల చేసిన 'యానిమల్స్' ఆల్బమ్ ఎల్పీలో 'పిగ్స్ ఆన్ ద వింగ్' రెండు చిన్న ముక్కలుగా మొదట, చివర ఉంటుంది. ఎయిట్‌ట్రాక్ క్యాసెట్ (ఆనాటి ఒక రకం టేపు) రూపంలో మాత్రం ఆ రెండు ముక్కలను కలుపుతూ స్నోవీ వైట్ వాయించిన సోలో ఒకటి ఉంది. కిస్ బృందం 1976లో తెచ్చిన 'డిస్ట్రాయర్' ఆల్బమ్‌లోని 'స్వీట్ పెయిన్'కు ఏస్ ఫ్రేలీ వాయించిన సోలోను తీసివేసి, బయటి నుంచి వచ్చిన డిక్ వాగ్నర్ సోలోను పెట్టారు. 2012లో ఆ ఆల్బమ్‌ను తిరిగి మిక్స్ చేసి (విడివిడిగా రికార్డయిన ధ్వనులను మళ్ళీ కలిపి) విడుదల చేసినప్పుడు ఫ్రేలీ సోలో ఉన్న రూపం కూడా బయటకు వచ్చింది. అందుచేత ఒక కాగితం తీసుకుని, పాట పేరు, ఆల్బమ్ పేరు, విడుదలైన సంవత్సరం, ఏ ముద్రణ, సోలో ఏ నిమిషం ఏ సెకను దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకోండి. పాటలో రెండు మూడు సోలోలు ఉంటే ఒక్కొక్కదానికీ విడిగా సమయం రాయండి. తరువాతి పని అంతా ఈ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.

2. ఆల్బమ్ మీద అచ్చయిన పేర్లను చదవండి, కాని అవే ముగింపు అనుకోకండి

మన సినిమా పాటల రికార్డుల మీద, క్యాసెట్ల మీద గాయనీగాయకులు, రచయిత, సంగీత దర్శకుడు ఉండేవారు. వీణో వేణువో గిటారో వాయించినవారి పేర్లు సాధారణంగా కనిపించేవి కావు. ఆ అలవాటులో పెరిగిన మనకు రాక్ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లు వరుసగా కనిపించడమే ఎంతో సంతృప్తినిస్తుంది. అయితే ఆ పేర్ల వరుసలో మూడు రకాలు ఉన్నాయని గుర్తుంచుకుని చదవండి.

మొదటి రకం, సోలో సోలోకూ పేరు రాసినది. ఇది శ్రోతకు లభించే గొప్ప వరం. స్లేయర్ బృందం సాహిత్యం అచ్చువేసిన కాగితంలో, పాట మధ్యలో ఏ లీడ్ కెరీ కింగ్‌దో, ఏ లీడ్ జెఫ్ హానెమన్‌దో గుర్తులు పెట్టేవారు. మెగాడెత్ కూడా ఈ పద్ధతిని పాటించింది. 1990 నాటి 'రస్ట్ ఇన్ పీస్' ఆల్బమ్‌లోని 'హ్యాంగర్ 18' వంటి పాటలో డేవ్ మస్టెయిన్, మార్టీ ఫ్రీడ్‌మన్ ఒకరి తరువాత ఒకరు అంత వేగంగా అందుకుంటూ పోతుంటే, ఆ గుర్తులు లేకుండా మొదటి వినికిడిలో విడదీయడం కష్టం. స్టీలీ డాన్ 1977లో విడుదల చేసిన 'అజా'లో పాటపాటకూ విడిగా వాద్యకారుల పేర్లు ఉన్నాయి. పలువురు గిటారిస్టులు ప్రయత్నించి వెళ్ళాక 'పెగ్' పాటకు నిలిచిన సోలో జే గ్రేడన్‌దని అందువల్లే సులభంగా తెలుస్తుంది. టెలివిజన్ బృందం అదే ఏడాది తెచ్చిన 'మార్కీ మూన్'ను కూడా ఈ వరుసలో చేర్చవచ్చు. అందులో 'సీ నో ఈవిల్' సోలో రిచర్డ్ లాయిడ్‌ది, 'ఫ్రిక్షన్' సోలో టామ్ వెర్లేన్‌ది, ఆల్బమ్ పేరే ఉన్న పాటలో ఇద్దరి సోలోలూ ఉంటాయి. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవారు ఇలాంటి ఆల్బమ్‌లతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం, ఎందుకంటే జవాబు ముందే చేతిలో ఉన్నప్పుడు చెవికి శిక్షణ త్వరగా అబ్బుతుంది.

రెండవ రకం, బృంద సభ్యుల పేర్లు, వాద్యాలు మాత్రమే ఉన్నది. ఇద్దరి ఎదుటా గిటార్ అని ఉంటుంది, అంతే. ఇక్కడ మీకు దొరికినది జవాబు కాదు, అవకాశం ఉన్నవారి జాబితా.

మూడవ రకం, దాచినది. ఒప్పందం ప్రకారం ఒక కంపెనీకి కట్టుబడిన వాద్యకారుడు మరో కంపెనీ రికార్డు మీద తన పేరు వేయించుకోలేకపోవడం 1960లలో సాధారణం. క్రీమ్ బృందం 1969లో విడుదల చేసిన 'గుడ్‌బై' ఆల్బమ్‌లోని 'బ్యాడ్జ్' పాటకు హ్యారిసన్ రిథమ్ గిటార్ (పాటకు ఆధారంగా సాగే తోడు గిటార్) వాయించారు. అట్ట మీద ఆయన పేరు 'లాంజెలో మిస్టీరియోసో' అని మారుపేరుగా కనిపిస్తుంది. వైట్ ఆల్బమ్‌లో క్లాప్టన్‌కు మారుపేరు కూడా దక్కలేదు. ఇంకా ఇబ్బందికరమైనవి, బృంద సభ్యుని స్థానంలో మరొకరు వాయించి, ఆ సంగతి చెప్పకుండా ఉంచినవి. ఏరోస్మిత్ 1974 ఆల్బమ్ 'గెట్ యువర్ వింగ్స్'లోని 'ట్రెయిన్ కెప్ట్ ఎ రోలిన్' సోలోలు స్టీవ్ హంటర్, డిక్ వాగ్నర్ వాయించినవి; వారి పేర్లు ఆ ఆల్బమ్ మీద లేవు. కిస్ బృందం 1982 నాటి 'క్రీచర్స్ ఆఫ్ ద నైట్' అట్ట మీద ఏస్ ఫ్రేలీ ముఖం ఉన్నా, లోపలి సోలోలు వాయించింది విన్నీ విన్సెంట్, రాబెన్ ఫోర్డ్, స్టీవ్ ఫారిస్ వంటి ఇతరులు. కష్టపడిన చేతికి పేరు దక్కకపోవడం చిన్న విషయం కాదని నేను నమ్ముతాను, ఈ అన్వేషణకు అంత సమయం ఇవ్వడం వెనుక నా ప్రధాన కారణం కూడా అదే.

పేర్లు ఎక్కడ చదవాలన్నది తరువాతి ప్రశ్న. పాటలు వినిపించే యాప్‌లలో కొన్ని గాయకులు, రచయితలు, నిర్మాతల వరకే చూపి ఊరుకుంటాయి. ఎల్పీ లేదా సీడీ మీ దగ్గర లేకపోతే డిస్కాగ్స్ వంటి వెబ్‌సైట్‌లో ఒక్కొక్క ముద్రణకు విడి పేజీ, తరచుగా అట్ట, ఇన్నర్ స్లీవ్ (లోపలి కవరు), బుక్‌లెట్ ఫోటోలతో సహా ఉంటుంది. ఎవరో టైపు చేసిన వరుసను కాక ఆ ఫోటోలను పెద్దవి చేసుకుని స్వయంగా చదవండి. మొదటి ముద్రణను, వీలైతే తరువాతి సంవత్సరాలలో వచ్చిన ప్రత్యేక సంచికను పక్కపక్కన పెట్టుకోండి. మొదట దాచిన పేర్లు చాలాసార్లు రెండవదాని బుక్‌లెట్‌లో బయటపడతాయి.

3. రికార్డింగ్ తేదీలను బృందం చరిత్రతో సరిచూడండి

ఆల్బమ్ విడుదలైన తేదీ మీకు కావలసిన తేదీ కాదు. పాట టేపు మీదకు ఎక్కిన తేదీ కావాలి. రెండింటి మధ్య కొన్నిసార్లు ఏళ్ళు గడుస్తాయి. రోలింగ్ స్టోన్స్ 1981లో 'టాటూ యూ' విడుదల చేసే నాటికి గిటారిస్ట్ మిక్ టేలర్ బృందాన్ని వదిలి ఆరేళ్ళు దాటింది. ఆయన వైదొలగింది 1974 డిసెంబరులో. అయినా ఆ ఆల్బమ్‌లోని 'టాప్స్' పాటలో ఆయన గిటారే వినిపిస్తుంది, ఎందుకంటే ఆ పాట 1972 చివర జమైకాలో జరిగిన రికార్డింగులలో మొదలైనది. 1981లో బృందంలో ఎవరున్నారో చూసి కీత్ రిచర్డ్స్, రానీ వుడ్ అనే రెండు పేర్ల మధ్యే వెతికేవారికి అసలు జవాబు ఎన్నటికీ కనిపించదు.

తేదీల వల్ల కొందరిని చేర్చడమే కాదు, కొందరిని తొలగించడమూ వీలవుతుంది. డెరెక్ అండ్ ద డామినోస్ 1970లో మయామీలోని క్రైటీరియా స్టూడియోస్‌లో రికార్డు చేసిన 'లేలా' జోడు ఆల్బమ్ అంతటా డ్వేన్ ఆల్మన్, క్లాప్టన్ కలిసి వాయించారని చాలామంది అనుకుంటారు. కాని ఆల్మన్ వచ్చి చేరే నాటికే కొన్ని పాటలు పూర్తయ్యాయి. మొదటి మూడు పాటల్లో ఆయన లేరు. అందువల్ల 'బెల్ బాటమ్ బ్లూస్'లో ఏ స్వరం ఆల్మన్‌ది అని వెతకడం అనవసరమైన శ్రమ.

ఇదే పద్ధతి ఎంత దూరం పనిచేస్తుందో చూడడానికి ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ 1972లో విడుదల చేసిన 'ఈట్ ఎ పీచ్' కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ బృందంలో స్లైడ్ గిటార్ (వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జార్చి వాయించే పద్ధతి) అంటే డ్వేన్ ఆల్మన్ అని అందరికీ తెలుసు. ఉంగరపు వేలికి తొడుక్కున్న చిన్న మందు సీసాతో ఆయన తీసిన ధ్వని అంత ప్రసిద్ధం. ఆల్బమ్ మొదటి పాట 'ఎయింట్ వేస్టిన్ టైమ్ నో మోర్'లో స్లైడ్ వినిపించగానే ఆయన పేరే చెప్పాలనిపిస్తుంది. కాని డ్వేన్ 1971 అక్టోబరు 29న మోటార్‌సైకిల్ ప్రమాదంలో మరణించారు. ఆల్బమ్ ఆరంభంలోని మూడు పాటలు ఆ మరణం తరువాత రికార్డు చేసినవి. కనుక ఆ స్లైడ్ బృందంలోని మరో గిటారిస్ట్ డికీ బెట్స్‌ది. మిత్రుని వాద్యాన్ని, మిత్రుడు పోయిన కొద్ది వారాలకే, ఆ బాధలోనే బెట్స్ చేతపట్టారని తెలిశాక ఆ పాటను వినే తీరే మారిపోతుంది.

ఇక్కడ మీరు చేయవలసిన పని ఇది. బృంద సభ్యుల రాకపోకల తేదీలను ఒక వరుసలో, పాట రికార్డింగ్ తేదీలను దాని కింద మరో వరుసలో రాయండి. బీటిల్స్ వంటి బృందాలకు స్టూడియో పత్రాల ఆధారంగా తేదీ, టేకుల (ఒక్కొక్క ప్రయత్నపు రికార్డింగుల) వివరాలు ప్రచురితమై ఉన్నాయి. అమెరికాలో జరిగిన పాత రికార్డింగులకు సంగీతకారుల సంఘం ఒప్పంద పత్రాలు మరో ఆధారం. సెషన్‌కు వచ్చి వేతనం తీసుకున్నవారి పేర్లు వాటిలో ఉంటాయి. అయితే గదిలో ఎవరున్నారో ఇవి చెప్పినట్టుగా, ఏ సోలో ఎవరు వాయించారో చెప్పవు. అది చెవి పని.

4. చెవితో విడదీయండి

మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సోలోను ముందు రెండు చెవులతో, తరువాత ఎడమ చానెల్ ఒక్కటే, ఆపైన కుడి చానెల్ ఒక్కటే వినండి. ఇద్దరు గిటారిస్టులున్న బృందాలు తరచుగా ఒకరిని ఒక పక్కకు, రెండవవారిని మరో పక్కకు పెడతాయి. ఆల్బమ్ అంతటా రిథమ్ గిటార్ ఎవరిది ఏ పక్కన ఉందో కనిపెడితే, సోలో వచ్చినప్పుడు ఏ పక్క రిథమ్ ఆగిపోతుందో గమనించవచ్చు. ఆగిన చేయే సోలో వాయిస్తోందని అనుకోవడానికి అది మంచి ఆధారం. స్టూడియోలో రిథమ్ ముందే వాయించి సోలోను తరువాత ఓవర్‌డబ్ చేసి (దాని మీద విడిగా చేర్చి) ఉంటే ఈ సూత్రం పనిచేయదు. కచేరీ రికార్డింగులలో మాత్రం దాదాపు ఎప్పుడూ పనిచేస్తుంది.

చానెళ్ళ విషయంలో కొన్ని జాగ్రత్తలు అవసరం. 1960ల మోనో రికార్డులలో పక్కలే ఉండవు. కొత్తగా మిక్స్ చేసిన సంచికలలో, ఉదాహరణకు వైట్ ఆల్బమ్ 2018 సంచికలో, వాద్యాల స్థానాలు పాత ఎల్పీలో ఉన్నట్టే ఉండవు. వాన్ హేలెన్ 1978 నాటి మొదటి ఆల్బమ్‌లో గిటార్ చాలావరకు ఎడమ పక్కన, దాని ప్రతిధ్వని కుడి పక్కన వినిపిస్తుంది. రెండు పక్కలా గిటార్ ఉంది కనుక ఇద్దరు వాయిస్తున్నారని అనుకోకూడదు. లినర్డ్ స్కినర్డ్ 1973లో రికార్డు చేసిన 'ఫ్రీ బర్డ్' చివరి సోలోలో రెండు గిటార్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుని సాగుతాయి, కాని ఆ రెండూ అలెన్ కాలిన్స్‌వే. తన సోలో మీద తానే రెండవసారి వాయించారు. పాట ఆరంభంలోని స్లైడ్ మాత్రం గ్యారీ రాసింగ్టన్‌ది.

తరువాత ధ్వని స్వభావాన్ని గమనించండి. స్ట్రాటోకాస్టర్ వంటి ఫెండర్ గిటార్లలో సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగాలు) ఉంటాయి కనుక స్వరం సన్నగా, గాజులా మెరుస్తూ వస్తుంది. లెస్ పాల్ వంటి గిబ్సన్ గిటార్లలోని హంబకర్ పికప్‌ల వల్ల స్వరం బరువుగా, ఎక్కువసేపు నిలిచేలా వస్తుంది. 'లేలా' ఆల్బమ్‌లో క్లాప్టన్ స్ట్రాటోకాస్టర్, డ్వేన్ లెస్ పాల్ వాయించారు కనుక, స్లైడ్ లేని చోట కూడా సన్నని స్వరాన్ని, బరువైన స్వరాన్ని బట్టి ఇద్దరినీ చాలా చోట్ల విడదీయవచ్చు. స్వరం మొత్తం ఒక్కసారిగా కిందికి జారి మళ్ళీ పైకి లేస్తే అది ట్రెమోలో ఆర్మ్ అనే కడ్డీ పని. మామూలు లెస్ పాల్‌కు ఆ కడ్డీ ఉండదు. స్వరం మధ్యలో గొంతు తెరిచి మూసినట్టు మారితే అది కాలితో నొక్కే వా-వా పెడల్ పని.

గిటార్‌ను గుర్తించినంత మాత్రాన మనిషిని గుర్తించినట్టు కాదని మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. లెడ్ జెపెలిన్ జిమ్మీ పేజ్ అనగానే లెస్ పాల్ కళ్ళ ముందు కదులుతుంది, కాని 1969 నాటి మొదటి ఆల్బమ్‌లో ఆయన ఎక్కువగా వాయించింది టెలికాస్టర్. 1971లో 'స్టెయిర్‌వే టు హెవెన్' సోలో కూడా టెలికాస్టర్ మీదే. అసలు అది గిటారేనా అని కూడా అడగవలసిన సందర్భాలున్నాయి. మెటాలికా 1986 నాటి 'ఓరియన్'లో గిటార్ అని చాలామంది అనుకునే సోలో ఒకటి క్లిఫ్ బర్టన్ బేస్ గిటార్ మీద వాయించినది. జెఫ్ బెక్ 1976 ఆల్బమ్ 'వైర్డ్'లోని 'బ్లూ విండ్'లో బెక్ గిటార్‌తో పోటీపడే రెండవ గొంతు యాన్ హ్యామర్ సింథసైజర్. స్వరాన్ని వంచే మీట ఉండడం వల్ల అది అచ్చం తీగ లాగినట్టే పలుకుతుంది.

చివరకు మిగిలేది చేయి. దీన్ని నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది, చెవికి దొరికే గుర్తులన్నిటికన్నా నమ్మదగినదీ ఇదే. గిటారిస్ట్ తీగను పక్కకు లాగి స్వరాన్ని పెంచడం, నిలిచిన స్వరాన్ని వణికించడం వీణ మీద పలికే గమకం వంటివే. ఒక్కొక్కరి వేళ్ళకు ఒక్కొక్క తీరు ఉంటుంది, దాన్ని వాయిద్యం మార్చినా దాచలేరు. లాగిన స్వరం గమ్యాన్ని ఒక్కసారిగా అందుకుంటోందా, ఆగి ఆగి చేరుతోందా? వణుకు వెడల్పుగా నెమ్మదిగా ఉందా, సన్నగా వేగంగా ఉందా? వాక్యం తాళం మీద మొదలవుతోందా, కొంచెం వెనకబడి వస్తోందా? ఒకే తీగ మీద స్వరాల వరుసా, రెండు తీగలు కలిపి కొట్టే పద్ధతా? రోలింగ్ స్టోన్స్ పాటల్లో ఈ చివరి ప్రశ్న ఒక్కటే చాలాసార్లు సరిపోతుంది. చక్ బెర్రీ పద్ధతిలో రెండేసి తీగలతో, ముక్కలు ముక్కలుగా, గుద్దినట్టు వస్తే కీత్ రిచర్డ్స్ వైపు చూడండి. 1968 నాటి 'సింపతీ ఫర్ ద డెవిల్' సోలో ఆయనదే. పొడవైన వాక్యాలు ఊపిరి తీసుకోకుండా సాగిపోతూ రాగంలా విచ్చుకుంటే మిక్ టేలర్ వైపు చూడండి. 1971 నాటి 'స్వే', 1974 నాటి 'టైమ్ వెయిట్స్ ఫర్ నో వన్' ఆయన పనితనానికి నిలువుటద్దాలు. ఆ రెండవది ఆ బృందం మొత్తం చరిత్రలోనే అత్యంత సుందరమైన సోలో అని నేను అంటాను.

వేగం ఎక్కువగా ఉంటే యూట్యూబ్‌లోనో మరో ప్లేయర్‌లోనో సగం వేగానికి తగ్గించి వినండి. శ్రుతి మారకుండానే వేగం తగ్గుతుంది.

5. పేరు నిర్ధారణ అయిన నమూనాలతో పోల్చండి

ఒక్క సోలోను ఎంతసేపు విన్నా తేలకపోతే, సందేహం లేని నమూనాలను పక్కన పెట్టుకోండి. అనుమానం ఉన్న ఇద్దరు గిటారిస్టులవి, అదే కాలానివి, వాయించినవారి పేరు నిర్ధారణ అయినవి తలా మూడు సోలోలు ఎంచుకుని, ఒకదాని తరువాత ఒకటి విని, ఆ వెంటనే మీ సోలో వినండి. వేరే దశాబ్దపు నమూనా పనికిరాదు. మనుషుల వాయింపు మారుతుంది, వాయిద్యాలూ మారతాయి.

అభ్యాసానికి మొదటి పాఠంగా 1969 నాటి 'అబ్బే రోడ్' ఆల్బమ్‌లోని 'ది ఎండ్' తీసుకోండి. డ్రమ్ సోలో తరువాత మెకార్ట్నీ, హ్యారిసన్, లెనన్ అదే వరుసలో తలా రెండు బార్ల (తాళపు ఆవర్తనాల) చొప్పున మూడు చుట్లు వాయిస్తారు. మెకార్ట్నీది సూదిలా గుచ్చుకునే వాయింపు, హ్యారిసన్‌ది పాడుతున్నట్టు తీగను లాగే వాయింపు, లెనన్‌ది గరగరమనే మొరటు వాయింపు. వరుస ముందే తెలుసు కనుక, కళ్ళు మూసుకుని ఎవరి వంతు వచ్చిందో చెబుతూ వినండి. ఆ తేడా చెవికి పట్టాక 'ట్యాక్స్‌మన్'కు తిరిగి వెళ్తే, అక్కడ మెకార్ట్నీ చేయి స్పష్టంగా తెలుస్తుంది.

రెండవ పాఠం ఈగల్స్ బృందం 1976 నాటి 'హోటల్ కాలిఫోర్నియా'. చివర రెండు నిమిషాలకు పైగా సాగే సోలోను డాన్ ఫెల్డర్ మొదలుపెడతారు, జో వాల్ష్ అందుకుంటారు, తరువాత ఇద్దరూ వంతులు వేసుకుని, చివరికి కలిసి ఒకే బాణీని రెండు స్థాయిలలో వాయిస్తారు. 1977లో క్యాపిటల్ సెంటర్‌లో తీసిన కచేరీ చిత్రంలో ఫెల్డర్ చేతిలో రెండు మెడల తెల్లని గిబ్సన్, వాల్ష్ చేతిలో టెలికాస్టర్ కనిపిస్తాయి కనుక, మీ చెవి చెప్పినదాన్ని కంటితో సరిచూసుకోవచ్చు.

మూడవది కొంచెం కష్టమైనది, ఎంతో ఆనందమిచ్చేది: 'ఈట్ ఎ పీచ్'లోనే ఉన్న 'బ్లూ స్కై'. పాట రాసిందీ పాడిందీ డికీ బెట్స్ కనుక మొదటి సోలో కూడా ఆయనదే అనుకుంటాం. కాని ముందుగా వాయించేది డ్వేన్ ఆల్మన్. ఇద్దరూ కలిసి పలికే చిన్న జంట వాక్యం దగ్గర పాట చేతులు మారి, అక్కడి నుంచి బెట్స్ సాగిస్తారు. బెట్స్‌ది కంట్రీ సంగీతపు పోకడతో, మేజర్ స్కేలులో గుండ్రంగా దొర్లే వాయింపు. డ్వేన్‌ది బ్లూస్‌లో పుట్టి పెరిగిన కొంచెం కొరికే వాయింపు. ఈ పాట బెట్స్ ధోరణిలోనిది కనుక డ్వేన్ కూడా తన స్వభావాన్ని మెత్తబరచుకుని వాయించారు, కష్టమంతా అక్కడే ఉంది. ఇది పట్టుబడితే 1971 నాటి 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్'లోని 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్'లో మొదటి గిటార్ సోలో బెట్స్‌దని, ఆర్గన్ తరువాత వచ్చేది డ్వేన్‌దని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

6. మనుషులు చెప్పిన మాటలను తూచండి

ఇప్పటికి మీ దగ్గర ఒక అభిప్రాయం ఉంటుంది. ఇంటర్వ్యూలు చదవడం ఈ దశలోనే చేయండి. ముందే చదివితే, చదివిన పేరే చెవికి వినిపిస్తుంది. గదిలో ఉన్నవారి మాటకు బయటివారి మాట కన్నా ఎక్కువ విలువ ఇవ్వండి. ఆ సోలో తాను వాయించలేదని ఒక ప్రముఖుడు స్వయంగా చెప్తే, దానికి ఇంకా ఎక్కువ విలువ ఇవ్వండి, ఎందుకంటే కీర్తిని వదులుకుంటూ అబద్ధం చెప్పేవారు అరుదు. కింక్స్ బృందం 1964లో తెచ్చిన 'యూ రియల్లీ గాట్ మీ' సోలోను అప్పట్లో స్టూడియో వాద్యకారుడిగా ఉన్న జిమ్మీ పేజ్ వాయించారని దశాబ్దాలుగా పుకారు నడిచింది. పేజ్ అది తనది కాదన్నారు. నిర్మాత షెల్ టాల్మీ కూడా ఆ పుకారును కొట్టిపారేశారు. వాయించింది డేవ్ డేవిస్. పేజ్ నిజంగా వాయించినవి వేరే ఉన్నాయి. జో కాకర్ పాడిన 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్'లో గిటార్ ఆయనదే. ప్రసిద్ధుల పేర్లకు ఇతరుల పని వచ్చి అతుక్కోవడం మామూలే కనుక, జవాబు మరీ ఆకర్షణీయంగా ఉన్నప్పుడు ఇంకోసారి పరీక్షించండి.

వీడియోను సాక్ష్యంగా తీసుకోకండి, అది ప్రత్యక్ష కచేరీ అయితే తప్ప. డేవిడ్ బోవీ 1983 నాటి 'లెట్స్ డాన్స్' ప్రచార చిత్రంలో గిటార్ పట్టుకుని కనిపించేది బోవీ. ఆ రికార్డులో సోలో వాయించింది స్టీవీ రే వాన్.

కొన్నిచోట్ల సాక్షులే ఒకరితో ఒకరు ఏకీభవించరు. డొనోవన్ 1968లో పాడిన 'హర్డీ గర్డీ మ్యాన్' లీడ్ గిటార్ విషయంలో జిమ్మీ పేజ్ పేరు, అలెన్ హోల్డ్స్‌వర్త్ పేరు, స్టూడియో వాద్యకారుడు అలెన్ పార్కర్ పేరు మూడూ వినిపిస్తాయి. ఆ రికార్డింగుతో సంబంధం ఉన్నవారి మాటలే పరస్పరం విరుద్ధంగా ఉన్నాయి. ఇటువంటిచోట ఒక పేరును బలవంతంగా ఎంచుకోవలసిన అవసరం లేదు.

7. నిర్ణయాన్ని ఆధారంతో సహా రాసి పెట్టండి

మొదట తీసిన కాగితం మీదే, సోలో సమయం ఎదురుగా, వాయించినవారి పేరు, ఆ పేరుకు మీకున్న ఆధారం, నమ్మకం ఏ స్థాయిలో ఉందో రాయండి. నేను నాలుగు స్థాయిలు వాడతాను. ఆల్బమ్ మీద సోలోకు పేరు అచ్చయి ఉంటే 'ముద్రితం', వాయించినవారు లేదా గదిలో ఉన్నవారు చెప్పి ఎవరూ కాదనకపోతే 'సాక్ష్యం', తేదీలు, చెవి రెండూ ఒకే పేరు చెప్తే 'అంచనా', సాక్షులు విభేదిస్తే 'వివాదం'. 'ట్యాక్స్‌మన్' రెండవ వరుసలోకి, 'హర్డీ గర్డీ మ్యాన్' నాలుగవ వరుసలోకి వెళ్తాయి. చెవి ఒక్కటే చెప్పిన పేరును 'అంచనా' దాటి పైకి తీసుకువెళ్ళకండి, మీ చెవి ఎంత మంచిదైనా సరే.

మీకు ఇష్టమైన సోలోలతో పాటల వరుస చేసి మిత్రులకు పంపేటప్పుడు బృందం పేరు పక్కన వాయించినవారి పేరు కూడా రాయండి: రోలింగ్ స్టోన్స్, 'హ్యాండ్ ఆఫ్ ఫేట్', 1976, సోలో వేన్ పెర్కిన్స్, స్టీలీ డాన్, 'రీలిన్ ఇన్ ద ఇయర్స్', 1972, సోలో ఎలియట్ రాండల్, క్వీన్, 'ఇన్యుయెండో', 1991, ఫ్లెమెంకో గిటార్ స్టీవ్ హౌ. ఉమ్మడి సమాచార పేజీలలో తప్పు పేరు కనిపిస్తే, స్లీవ్ ఫోటోనో, వాద్యకారుని ఇంటర్వ్యూ తేదీనో జతచేసి సవరణ పంపండి. ఆధారం లేకుండా పంపిన సవరణను మరొకరు ఆధారం లేకుండానే తిప్పికొట్టగలరు.